నలభై ఒక్క ఖాళీ ఫంక్షన్లు

ఫిబ్రవరి 3

ఈ పుస్తకం వదిన ఇచ్చింది. వాళ్ల ప్రెస్సులో మిగిలిపోయిన మందపాటి కాగితాలు కుట్టించిందట. మొదటి నాలుగు పేజీల నిండా బ్రెయిలీ చుక్కలే. వాటిని వదిలేసి ఐదో పేజీ నుంచి మొదలుపెడుతున్నాను.

అన్నయ్య వాళ్లింటికొచ్చి ఇవాళ్టికి పందొమ్మిది రోజులు. లాంగ్ లీవు పెట్టానని చెప్పాను. ఉద్యోగం మానేశానని చెప్పలేదు. రెండింటికీ పెద్ద తేడా ఏముంది, ఎలాగూ ఇంట్లోనే కదా ఉండేది.

బాగానే ఉన్నాను.

ఫిబ్రవరి 4

బాగానే ఉన్నాను. పదకొండు దాకా పడుకున్నాను.

ఫిబ్రవరి 6

వదిన మధ్యాహ్నమే వచ్చేసింది. చేతికర్ర గుమ్మం పక్కన పెట్టిన చప్పుడులోనే కోపం తెలిసిపోయింది.

వదిన బ్రెయిలీ ప్రెస్సులో ప్రూఫులు చూస్తుంది. చూస్తుంది అన్న మాట ఆవిడదే. పుట్టుకతో చూపు లేని మనిషి ముందు ఆ మాట ఎలా అనాలా అని నేను తడుముకుంటే నవ్వుతుంది.

"కంప్యూటరు పోయింది" అంది. "రేకులు గుద్దే మిషను గుండ్రాయిలా ఉంది. దానికి ఏం గుద్దాలో చెప్పే కంప్యూటరు పోయింది."

"ఇంకోటి కొంటే పోలేదా."

"కొంటే దొరికేదైతే నేనిలా మొహం మాడ్చుకుని ఎందుకొస్తాను. ఆ రకం తయారీ ఆపేసి పాతికేళ్లు. అక్షరాల్ని చుక్కలుగా మార్చే ప్రోగ్రాము దాని మీద తప్ప నడవదు. రాసినాయన ఇప్పుడు లేడు. వచ్చే నెల ఇరవైకి బడికి సైన్సు పుస్తకాలివ్వాలి. ముప్పై ఎనిమిది మంది పిల్లలు. ఒక్క రేకు కూడా అవలేదు."

మంచినీళ్లు తాగి గ్లాసు బోర్లించింది.

"నువ్వెలాగూ లీవులోనే ఉన్నావుగా" అంది. లీవు అన్న మాటని కాస్త సాగదీసి.

ఫిబ్రవరి 8

ప్రెస్సుకి వెళ్లాను. రెండు గదులు, ఇనుము వాసన, గోడ పొడుగునా పాత రేకుల బీరువాలు. చుక్కలు ముందు రేకు మీద గుద్ది, దాని మీద కాగితం నొక్కితే పేజీ అవుతుందట. మేనేజరు, అందరూ పెద్దాయన అంటారు, నన్ను డాక్టరుని తీసుకెళ్లినట్టు ఆ కంప్యూటరు దగ్గరికి తీసుకెళ్లాడు. మూత తీసి చూశాను. లోపల కెపాసిటర్లు కారిపోయి బోర్డు అంతా తుప్పు. దానికిక ప్రాణం రాదు. డిస్కు మాత్రం బతికే ఉంది. ఉన్నదున్నట్టు కాపీ తీశాను.

"బాగవుతుందా అమ్మా" అన్నాడు.

"బాగవదండి. కానీ అవసరం లేకపోవచ్చు" అన్నాను.

చాలా రోజుల తర్వాత నా నోటి నుంచి ఒక పనికొచ్చే మాట వచ్చింది.

ఫిబ్రవరి 11

ఎమ్యులేటరు ఒకటుంది. కొత్త కంప్యూటరులో కూచుని పాత కంప్యూటరులా నటిస్తుంది. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా దిద్దొచ్చు, దేశదేశాల వాళ్లు ఖాళీ వేళల్లో రాసిన ప్రోగ్రాము. అందులో వదిన వాళ్ల పాత కంప్యూటరు రకం కూడా ఉంది. చూడగానే లేచి గదిలో రెండు చుట్లు తిరిగాను.

ప్రెస్సులో ఇంకా మిగిలి ఉన్న కంప్యూటరు అరచేతిలో పట్టేంత చిన్నది. ఎమ్యులేటరు మొత్తం దాని మీద ఎక్కదు. అక్కర్లేని భాగాలన్నీ తీసేసి మనకి కావలసిన ఒక్క కంప్యూటరు రకాన్నే కట్టుకోవాలి. తీసేశాను. కట్టబోతే మొరాయించింది. ఉంచిన భాగాలు తీసేసిన భాగాల్లోని ఫంక్షన్లని, అంటే ఒక్కో పని చేసిపెట్టే ముక్కల్ని, పిలుస్తున్నాయి. ఫలానాది లేదు, ఫలానాది లేదు అని తెర నిండా.

లెక్కపెట్టాను. నలభై ఒకటి.

ప్రతి దానికీ ఒక ఖాళీ ఫంక్షను రాయాలి. పేరుంటుంది, లోపల ఏమీ ఉండదు. మా భాషలో స్టబ్బు. ఒక్కోటీ రెండు మూడు లైన్ల పని. చిన్న పిల్లలు కూడా రాస్తారు.

ఇవాళ ఒక్కటి కూడా రాయలేదు.

ఫిబ్రవరి 12

అన్నయ్య భోజనాల దగ్గర అడిగాడు, "ఏమీ చేయని ఫంక్షను రాయడమేంటే పొట్టీ, దానికి చదువెందుకు" అని. అన్నయ్య లిఫ్టు మెకానిక్కు, అందుకని లిఫ్టు భాషలో చెప్పాను.

"లిఫ్టు ప్యానెల్లో ఏడు బటన్లకి కన్నాలున్నాయి. బిల్డింగుకి ఐదే అంతస్తులు. ఆ రెండు కన్నాల్లో ఏదో ఒకటి పెట్టకపోతే ప్యానెల్ బిగించలేవు. అందుకని ఉత్త బటన్లు పెడతావు. అదీ స్టబ్బంటే."

"నొక్కితే?"

"ఏమీ అవదు."

"అవకపోతే మంచిదే. నొక్కగానే ఆరో అంతస్తు వచ్చిందని తలుపు తెరుచుకుందనుకో, అప్పుడుంటుంది" అని తన జోకుకి తనే నవ్వుకున్నాడు.

కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాను. వదిన తల నా వైపు తిప్పింది.

ఫిబ్రవరి 13

రాయలేదు.

ఫిబ్రవరి 15

మొదలుపెట్టాను. పదకొండు అయ్యాయి. శబ్దానివి ఆరు, తెర బొమ్మలవి ఐదు. చెవుడు మిషనుకి శబ్దం అక్కర్లేదు, చూపు లేని ప్రెస్సుకి బొమ్మలక్కర్లేదు. వదినకి ఇది చెబితే పకపకా నవ్వింది.

ఒక్కో ఫంక్షనూ రాస్తుంటే వేళ్లకి పాత అలవాటు తిరిగొస్తోంది. భయపడినంత ఏమీ లేదు. అసలు నేనెందుకు భయపడ్డానో కూడా తెలియడం లేదు.

ఫిబ్రవరి 17

ఆస్పత్రి నంబరు నుంచి ఫోను. ఎత్తలేదు.

ఆవిడ గురించి ఇక్కడ రాయను.

ఫిబ్రవరి 20

నలభై ఒకటీ అయ్యాయి. ఎమ్యులేటరు కట్టుకుంది. పాత ప్రోగ్రాము తెర మీద నిలబడి, ఏం పుస్తకం అని అడిగింది. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

చివరిదానితో కొంచెం పేచీ వచ్చింది. రేకుల మిషనుని "సిద్ధంగా ఉన్నావా" అని అడిగే ఫంక్షను అది. లైను లైనుకీ ముందు ఆ ప్రోగ్రాము అడుగుతుంది. "లేను" అంటే ఆగిపోతుంది. అందుకని "సిద్ధం" అని పెట్టాను. మిషను ఎలాగూ ఖాళీగానే ఉంటుంది.

నేను రాసిందంతా ఎమ్యులేటరు వాళ్లకి కూడా పంపాను. వాళ్లు ఒప్పుకుంటే అందులో కలుపుతారు, నాలాంటి అవసరమున్న ఇంకొకళ్లకి పనికొస్తుంది.

ఫిబ్రవరి 23

జవాబొచ్చింది. ఆ భాగం చూసుకునే మనిషికి ఫొటో లేదు, బొమ్మగా ఒక మేక గడ్డం పెట్టుకున్నాడు. గడ్డం అని పిలుచుకుంటున్నాను. ఇలా రాశాడు:

"నలభై బాగున్నాయి. నలభై ఒకటోది కలపను. ఏమీ చేయని ఫంక్షను ఏమీ చేయలేదనే చెప్పాలి. మీది అబద్ధం చెబుతోంది. లేదని చెప్పించండి, లేదా నిజంగా రాయండి."

ఫిబ్రవరి 24

చాదస్తం. ఊరూ పేరూ తెలియని మనిషి నాకు పాఠాలు చెప్పడం. అక్కడెవరూ పుస్తకాల కోసం ఎదురుచూడటం లేదు కాబట్టి ఎన్ని కబుర్లైనా చెబుతాడు. మాకు ఇరవై నాలుగు రోజులే ఉన్నాయి. కలపకపోతే మానె, మా ప్రెస్సులో నేను కట్టింది నేను వాడుకుంటాను.

రేపు గుద్దడం మొదలు.

ఫిబ్రవరి 25

మిషను ఆడింది.

ఆ చప్పుడు ఎలా ఉందంటే, వడగళ్ల వాన రేకుల కప్పు మీద పడ్డట్టుంది. మొదటి రేకు వెచ్చగా బయటికొచ్చింది. పెద్దాయన దాన్ని వదిన చేతుల్లో పెట్టాడు. వదిన రెండు చూపుడు వేళ్లూ పైనుంచి కింది దాకా నడిపించి, "ఒకటో పాఠం, గాలి" అని చదివింది. అందరం చప్పట్లు కొట్టాం. ఇంటికొచ్చే దార్లో వదిన నా చెయ్యి పట్టుకుని నడిచింది. కర్ర ఉంది. అయినా పట్టుకుంది.

ఫిబ్రవరి 28

అరవై రేకులు. ఇంత హాయిగా నిద్రపట్టి ఎన్నాళ్లయిందో. అంతా సర్దుకున్నట్టే.

మార్చి 1

మధ్యాహ్నం వదిన ప్రూఫు చూస్తోంది, నేను పక్కన కేబుళ్లు చుడుతున్నాను. ఉన్నట్టుండి వేళ్లు ఆగాయి. వెనక్కి వెళ్లాయి. మళ్లీ ఆగాయి.

"అమ్మాయ్, సైన్సు ఏమన్నా మారిందా ఈ మధ్య?"

"ఎందుకు వదినా?"

"తడి చేతులతో స్విచ్చిని తాకడం మంచిది, అని ఉందిక్కడ."

పరిగెత్తుకెళ్లి మామూలు పుస్తకం తెరిచాను. అక్కడ ఇలా ఉంది: తడి చేతులతో స్విచ్చిని తాకడం చాలా ప్రమాదం. చేతులు బాగా తుడుచుకుని తాకడం మంచిది.

మధ్యలో ఒక లైను లేదు. పూర్తిగా, శుభ్రంగా, అతుకు కూడా తెలియకుండా.

చూడగానే అర్థమైంది. చుక్కలు ఎక్కువున్న లైను గుద్దడానికి మిషనుకి కాస్త ఎక్కువసేపు పడుతుంది. అది ఇంకా గుద్దుతుండగానే ప్రోగ్రాము అడిగింది, సిద్ధమా అని. మిషను తరఫున నా ఫంక్షను చెప్పింది, సిద్ధం అని. తర్వాతి లైను గాలిలో కలిసిపోయింది.

అరవై రేకులూ మళ్లీ చూశాం. తొమ్మిది చోట్ల లైన్లు లేవు. ఇది కాక మిగతా ఎనిమిదీ వదిన ఇంతకు ముందే చూసేసింది. ఆ చోట్ల వాక్యం అతికినట్టే ఉండటంతో వేలికి అందలేదు. అందుకు వదిన తనని తను తిట్టుకుంటోంది.

"తప్పు నీది కాదు వదినా" అన్నాను. బయటికెళ్లి మెట్ల మీద కూచున్నాను.

మార్చి 2

చెప్పేశాను.

నిన్న నా వెనకే వదిన కూడా వచ్చి మెట్ల మీద కూచుంది. "నువ్వు లీవులో లేవని నాకు మొదటి వారమే తెలుసు" అంది. "లీవులో ఉన్న మనిషి ఫోను మోగితే ఉలిక్కిపడదు. చెప్పాలనుంటే చెప్పు, లేకపోతే లోపలికి పద, పనుంది."

ఇక్కడ కూడా రాస్తాను. ఒక్కసారి రాస్తే పోతుంది.

మా కంపెనీ ఆస్పత్రుల్లో టీకాల ఫ్రిజ్లకి అలారాలు పెడుతుంది. ఫ్రిజ్లో వేడి పెరిగితే గంట మోగాలి. ఆ గంట పనిచేస్తోందో లేదో గంట గంటకీ తనిఖీ చేసే ఫంక్షను నేను రాయాలి. తొందరలో ఖాళీగా వదిలేసి, ఎప్పుడడిగినా "సరే" అనేలా పెట్టాను, తర్వాత పూర్తి చేద్దామని. ఆ తర్వాత అన్నది రాలేదు. ఒక ఆస్పత్రిలో గంట తీగ ఊడిపోయింది. తెర మీద మాత్రం పచ్చగా, అలారం పనిచేస్తోంది అని. ఒక ఆదివారం రెండు ఫ్రిజ్లూ ఆగిపోయాయి. గంట మోగలేదు. రెండు ఫ్రిజ్ల నిండా ఉన్న పసిపిల్లల టీకాలు పారబోశారు.

స్టోరు చూసే సిస్టరు, గంట మోగలేదండీ, నేను పక్క గదిలోనే ఉన్నాను, అని చెప్పింది. రికార్డు తీసి చూస్తే రోజంతా "సరే, సరే" అని ఉంది. ఆవిడ అబద్ధమాడుతోందన్నారు. సస్పెండ్ చేశారు. పంతొమ్మిదేళ్ల సర్వీసు.

మా టీమ్ లీడరుకి చెప్పాను. "మన వైపు లోపం లేదని రాసిచ్చేశాం, ఇప్పుడు కదపకు" అన్నాడు. కదపలేదు. రాజీనామా ఇచ్చి వచ్చేశాను. అదేదో పెద్ద త్యాగమైనట్టు.

వదిన అంతా విని, ఓదారుస్తుందనుకున్నాను.

"ఆవిడకి ఉద్యోగం తిరిగొచ్చిందా?"

"లేదనుకుంటా."

"మరి ఇదంతా నాకు చెప్పి ఏం లాభం? నేనేమన్నా ఆవిడకి ఉద్యోగమివ్వగలనా?"

అరచేత్తో మొహం తుడుచుకున్నాను.

"ముందు మా రేకుల సంగతి చూడు" అంది లేస్తూ. "అది చేయగలిగితే ఇదీ చేయగలవు."

మార్చి 3

గడ్డానికి రాశాను. మీరు చెప్పిందే నిజం, నిజంగా రాస్తాను, మిషను కాగితాలు లేవు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు అని.

గంటలో జవాబు. నేను ముందే చెప్పలేదా అన్న మాట ఒక్కటి లేదు. ఆ మిషను తీగల్లో ఏ తీగ మీద వోల్టేజి ఎప్పుడు మారుతుందో కొలిచి పంపమన్నాడు.

మార్చి 5

అన్నయ్య సెలవు పెట్టి తన మీటరు పట్టుకుని ప్రెస్సుకొచ్చాడు. పాతిక తీగలు ఒక్కోటీ పట్టుకుని కొలిచాడు. పదకొండో తీగ. మిషను గుద్దుతున్నంతసేపూ పైకి లేచి ఉంటుంది, అవగానే పడిపోతుంది.

"ఇంత గొడ్డులాంటి మిషనుకి ఒక్క తీగేనే నోరు" అన్నాడు.

వదిన అన్నయ్యకి అంతా చెప్పేసిందని తెలుస్తోంది. నన్నేమీ అడగలేదు. వెళ్లేటప్పుడు మాత్రం, "లిఫ్టులో నేను కూడా ఒకసారి తలుపు మూసుకుందో లేదో చూసే స్విచ్చి దాటవేసి మర్చిపోయానే. ఎవరూ పడలేదు కాబట్టి ఇలా ఉన్నాను" అన్నాడు. ఇన్నేళ్లలో అన్నయ్య నాకెప్పుడూ చెప్పని మాట.

మార్చి 8

రాశాను. ఖాళీ కాదు, నూట ముప్పై లైన్లు. మిషను పని చేస్తుంటే "ఆగు" అంటుంది. కేబులు ఊడితే "లేను" అంటుంది. కేబులు కావాలని ఊడదీసి చూశాను. ప్రోగ్రాము టక్కున ఆగింది. పెట్టగానే ఆగిన లైను నుంచే మొదలైంది. పన్నెండు సార్లు ఊడదీశాను. పెద్దాయన ఇక చాలమ్మా అన్నా వినలేదు.

మార్చి 9

ఉత్తరం రాశాను. ఆస్పత్రి సూపరింటెండెంటుకి ఒకటి, కాపీ కంపెనీకి. ఏ ఫంక్షను, ఏ తేదీన రాశాను, ఎందుకు ఎప్పుడూ "సరే" అంటుంది, ఎవరికి చెప్పాను. సిస్టరుగారు చెప్పింది అక్షరాలా నిజం అని చివర రాసి సంతకం పెట్టాను.

మూడు సార్లు చింపి రాశాను. మొదటి రెండింట్లో నా కష్టాలు ఎక్కువయ్యాయి.

వదిన పోస్టాఫీసు దాకా తోడొచ్చింది. "కేసు పెడితే?" అన్నాను దార్లో. "పెడితే వెళ్దాం. మీ అన్నయ్యకి కోర్టు వైపు రెండు లిఫ్టులున్నాయి" అంది.

మార్చి 12

నలభై ఒకటీ కలిపేశారు. నలభై ఖాళీవి, ఒకటి నిండుది.

గడ్డం ఆయన కాదు, ఆవిడ. రిటైరైన లెక్కల టీచరట. ఇన్నాళ్లూ అన్నాడు, రాశాడు అని రాసుకున్నాను. దిద్దాలంటే డైరీ అంతా దిద్దాలి. వదిలేస్తున్నాను.

మార్చి 14

కంపెనీ లాయరు ఫోను చేశాడు. ఎత్తాను. ఉత్తరం వెనక్కి తీసుకోమన్నాడు. కుదరదండి అన్నాను.

మార్చి 19

ముప్పై ఎనిమిది పుస్తకాలు బైండింగు అయ్యాయి. ఒక రోజు ముందే. ప్రతి పేజీ వదిన రెండు సార్లు చూసింది. బడికి మా ఇద్దరినీ రమ్మన్నారు, వెళ్లాం. పిల్లలు పుస్తకం తెరవకముందే వాసన చూస్తారని నాకు తెలియదు.

మార్చి 27

ఆస్పత్రి నంబరు. ఎత్తాను.

"ఉత్తరం రాసింది మీరేనా" అంది అటునుంచి ఒక గొంతు. తొందర లేని గొంతు. "స్టోరు సిస్టర్ని మాట్లాడుతున్నాను. నెల క్రితం ఎంక్వైరీకి వచ్చినప్పుడు కూడా ఇక్కణ్ణించే చేశాను, మీరు ఎత్తలేదు. ఆ ఫ్రిజ్ల ప్రోగ్రాములో మీ పేరు, నంబరు చూశాను, అసలు ఆ తనిఖీ ఎలా చేస్తారో అడుగుదామని."

కుర్చీ లాక్కుని కూచున్నాను.

"సోమవారం నుంచి డ్యూటీలో చేరాను" అంది. "మీ కంపెనీ వాళ్లొచ్చి కొత్త అలారం పెట్టి వెళ్లారు. తెర మీద పచ్చగా ఉంది. అప్పుడూ పచ్చగానే ఉండేది. నాకు నమ్మకం లేదు. మీరొచ్చి నా ముందు చూపించండి."

"నేనిప్పుడు ఆ కంపెనీలో లేనండి."

"అందుకే మిమ్మల్ని పిలుస్తున్నాను."

ఏప్రిల్ 4

వెళ్లాను.

నేల అడుగున ఉన్న గది. తెల్ల పెంకులు, రెండు ఫ్రిజ్లు. ఒకటి ఈ పరీక్ష కోసమే ఖాళీ చేసి ఉంది. సిస్టరు నేననుకున్నంత పొడుగు కాదు. నా భుజం దాకా వస్తుంది. కూచోమనలేదు. నేనూ కూచోలేదు.

"ముందే చెబుతున్నాను, మిమ్మల్ని క్షమించడానికి పిలవలేదు" అంది. "రెండు నెలలు మా వీధిలో తలెత్తుకుని నడవలేదు నేను."

"తెలుసండి" అన్నాను. తెలియదు. కానీ ఇంకేమనాలి.

ముందు గంట తీగ ఊడదీశాను. తెర మీద పచ్చ పోయి ఎరుపు వచ్చింది, గంట తీగ లేదు, అని అక్షరాలతో సహా. సిస్టరు చదివింది. మళ్లీ చదివింది. తీగ పెట్టాను. పచ్చ.

"ఇప్పుడు అసలుది" అని తనే వంగి ఫ్రిజ్ ప్లగ్ పీకేసింది. తలుపు బార్లా తెరిచింది. ఎనిమిది డిగ్రీలు దాటితే మోగాలి. అప్పుడు నాలుగుంది.

ఇద్దరం పక్కపక్కన నిలబడి అంకెలు చూశాం. ఐదు కావడానికి మూడు నిమిషాలు పట్టింది. ఐదున్నర దగ్గర, ప్రెస్సు సంగతి అడిగింది. ఉత్తరంలో రాశానుగా, ఇప్పుడేం చేస్తున్నానో ఒక ముక్క. చెప్పాను. ఆ తడి చేతుల స్విచ్చి సంగతి కూడా. ఆవిడ పెదవులు కొంచెం కదిలాయి.

"మీ వదినగారిలాంటి మనిషి ఒకరు ఉండాలి ప్రతి చోటా" అంది.

"మీరున్నారుగా ఇక్కడ. మీ మాట వినలేదంతే."

మళ్లీ అంకెల వైపు తిరిగింది. ఏడు. ఏడున్నర. కొత్త ప్రోగ్రాము నేను రాయలేదు, లోపల ఏముందో నాకు తెలియదు. మోగకపోతే ఏం చెప్పాలో కూడా తెలియదు. ఎనిమిది. అలాగే ఉండిపోయింది. సిస్టరు నా మణికట్టు పట్టుకుంది. పట్టుకున్న సంగతి ఆవిడకి తెలుసని నేననుకోను.

ఎనిమిది పాయింటు ఒకటి.

మోగింది. చెవులు గింగురుమనేలా మోగింది. ఆపే బటన్ నా పక్కనే ఉంది. నొక్కబోయాను.

"ఉండనివ్వండి" అంది సిస్టరు.

మెట్ల మీద పరుగులు వినిపించాయి. వార్డు బాయ్, ఇద్దరు నర్సులు, ఎవరో డాక్టరు, తలుపు దగ్గర గుమికూడారు. ఏమైంది సిస్టర్, ఏమైంది అని.

ఆవిడ చీర కుచ్చిళ్లు సర్దుకుని వాళ్ల వైపు తిరిగింది.

"ఏమీ అవలేదు" అంది. "వినిపిస్తోందా మీకు?"

అందరూ వినిపిస్తోందన్నారు.